సగం విన్న మాట

విసేరిస్ రాజు పోయిన రాత్రి ఆ గదిలో వెలుతురు తక్కువ. నొప్పి తెలియకుండా నల్లమందు పట్టించి పడుకోబెట్టారు. ముఖం ఒక పక్క కుళ్లిపోయింది. ఒక కన్ను లేదు, ఒక చెయ్యి లేదు. మంచం పక్కన ఉన్నది భార్య ఆలిసెంట్. ఆయన మసక చూపుకి మాత్రం అక్కడున్నది కూతురు రెనీరా. ఏళ్ల కిందట ఆ బిడ్డ ఒక్కదానికే చెప్పిన వంశ రహస్యాన్ని మళ్లీ ఆమెకే చెబుతున్నాననుకుని ముక్కలు ముక్కలుగా గొణిగాడు. ఏగాన్ అన్నాడు. ఆయన కల నిజమన్నాడు. రాబోయే చలినీ చీకటినీ తట్టుకోవాలంటే రాజ్యం ఒక్కటిగా ఉండాలన్నాడు. అది నీ వల్లే అవుతుంది, నువ్వే చెయ్యాలి అన్నాడు.

ఆయన తలుచుకున్న ఏగాన్ పోయి దాదాపు వందేళ్లు. డ్రాగన్ మీద వచ్చి వెస్టెరాస్‌ను జయించిన వంశ మూలపురుషుడు ఆయన. ఆలిసెంట్‌కు తెలిసిన ఏగాన్ ఆమె కడుపున పుట్టిన పెద్దకొడుకు. ఇన్నేళ్లూ ఎవరెంత పోరినా మార్చని మాటను భర్త ఆఖరి ఘడియలో మార్చుకున్నాడని ఆమె అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆమె అబద్ధమాడి ఉంటే ఈ కథ ఇంత బాధ పెట్టేది కాదు. దొంగను దొంగ అనుకుని వదిలేసేవాళ్లం. భర్త చివరి కోరిక తీర్చాలన్న నిజాయతీతోనే ఆ ఇల్లాలు ఆ ఇంటికి నిప్పు పెట్టింది.

'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' మొదటి భాగం 2022 ఆగస్టు 21న హెచ్‌బీఓలో మొదలైంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 2018లో వెలువరించిన 'ఫైర్ అండ్ బ్లడ్' దానికి మూలం. ఆ పుస్తకం నవలలా ఉండదు, చరిత్ర గ్రంథంలా ఉంటుంది. ఒక పండితుడు పాత రాతలన్నీ ముందేసుకుని, ఆస్థాన పూజారి ఇలా అన్నాడు, విదూషకుడు అలా అన్నాడు అంటూ పోల్చి చెబుతూపోతాడు. అందులో రాజు నిద్రలోనే కన్నుమూస్తాడు, ఆఖరి మాటంటూ ఏమీ లేదు. ఈ గొణుగుడు టీవీ రచయితల చేర్పు. ఇంత పెద్ద దాయాదుల పోరు ఒక పేరు పొరబడడం మీద నిలబడుతుందా అని విసుక్కున్న ప్రేక్షకులున్నారు. నాకలా అనిపించలేదు. ఆ ఇంట్లో అది మొదటి సగం మాట కాదు. మొదటి ఎపిసోడ్ నుంచీ ఎవరో ఒకరు చెప్పాల్సింది చెప్పకుండా మింగుతూనే ఉన్నారు. ఎవరో ఒకరు ఇంకొకరి మాటను తమ భయం కొద్దీ వింటూనే ఉన్నారు. రాజు మరణశయ్య దగ్గరికి వచ్చేసరికి అన్నిటికీ కలిపి లెక్క తేలింది.

విసేరిస్ గద్దె ఎక్కడమే ఒక ఆడకూతురిని పక్కన పెట్టి ఎక్కడం. వారసులు పోయిన ముసలి రాజు జేహేరిస్, ఏగాన్ జయించాక 101వ సంవత్సరంలో హారెన్‌హాల్ కోటలో మహాసభ పెట్టించాడు. వెయ్యి మందికి పైగా ప్రభువులు వచ్చారు. 14 మంది హక్కు చెప్పుకున్నారు. చివరికి మిగిలింది ఇద్దరు. పెద్దకొడుకు కూతురు రేనిస్, ఆమె బాబాయి కొడుకు విసేరిస్. వరసకు పెద్దది రేనిస్. సభ మగవాడినే ఎంచుకుంది. జీవితమంతా ఆమెకు 'రాణి కాలేకపోయిన రాణి' అన్న పేరు మిగిలింది. ఆ సభలో గెలిచిన మనిషే తర్వాత తన కూతురిని వారసురాలిగా ప్రకటించాడు. ఏ కారణంతో తనకు కిరీటం వచ్చిందో ఆ కారణమే తన బిడ్డకు అడ్డం తిరుగుతుందని ఆయనకు తెలియదా? తెలుసు. రేనిస్ మనసులో దాచుకోకుండా రెనీరాకు ముఖం మీదే చెప్పింది, మగవాళ్లు ఆడదాన్ని సింహాసనం మీద చూడడం కంటే రాజ్యాన్ని తగలబెట్టుకోవడానికే ఇష్టపడతారని. ఆ ఇంట్లో పూర్తిగా మాట్లాడిన కొద్దిమందిలో ఆమె ఒకరు.

మొదటి సగం మాట ప్రసవం గదిలో ఉంది. రాణి ఏమాకు అంతకుముందు ఎన్నో కాన్పులు చెడిపోయాయి. ఇదే ఆఖరు, ఇంక నా వల్ల కాదని భర్తతో చెప్పుకుంది కూడా. బిడ్డ అడ్డం తిరిగింది. బయట కొడుకు పుడతాడన్న సంబరంతో రాజు పెట్టించిన పందేలు, గుర్రాల మీద ఈటెల పోట్లు సాగుతున్నాయి. తల్లి కడుపు కోస్తే బిడ్డ దక్కవచ్చునని వైద్యుడు రాజు చెవిలో చెప్పాడు. రాజు తలూపాడు. ఏమాకు మాత్రం చెప్పలేదు. ఆమె తల నిమురుతూ, బిడ్డను బయటికి తీస్తారని మాత్రం అన్నాడు. మనుషులు వచ్చి చేతులు పట్టుకున్నాక గాని ఆమెకు అర్థం కాలేదు. తల్లీ పోయింది, బేలన్ అని పేరు పెట్టిన ఆ పసివాడూ ఆ రోజే పోయాడు. విసేరిస్ చెడ్డవాడు కాడు. భార్యను ప్రాణంగా చూసుకున్నవాడు. అయినా ఆ క్షణంలో ఆమె కళ్లలోకి చూసి నిజం చెప్పలేకపోయాడు. ఆ లోపం ఆయనతోనే పెరిగింది, ఆయన ఒంట్లో రాచపుండులా.

కూతురికి మాత్రం ఒక్కసారి నిజం చెప్పాడు. కోట అడుగున చీకటి గదిలో బలేరియన్ అనే మహా డ్రాగన్ పుర్రె ఉంది, దాని చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. అక్కడ రెనీరాను నిలబెట్టి, మూలపురుషుడు ఏగాన్ కన్న కల గురించి చెప్పాడు. ఉత్తరాన్నుంచి ఒక భయంకరమైన శీతాకాలం వస్తుంది, అప్పుడు ఈ వంశం మనిషి సింహాసనం మీద ఉంటేనే మనుషులు బతుకుతారు. రాజు నుంచి వారసుడికి మాత్రమే అందే రహస్యం. తర్వాత ప్రభువులంతా వచ్చి ఆమె ముందు మోకరిల్లి ప్రమాణాలు చేశారు. అక్కడితో పని అయిపోయిందనుకున్నాడు. స్త్రీకీ గద్దె హక్కు ఉందని చట్టం చెయ్యలేదు. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని పాలన నేర్పలేదు, సభలో వైన్ పొయ్యడమే ఆమె పని. ప్రమాణం చేసిన ప్రభువులు ముసలివాళ్లై పోయారు. వాళ్ల కొడుకులు ఏ ప్రమాణమూ చెయ్యలేదు.

మరి ఆయన ఏం చేస్తూ కూర్చున్నాడు? తన గదిలో పెద్ద బల్ల మీద వాలిరియా నగరం నమూనా కట్టించుకున్నాడు. అగ్నిపర్వతాలు పేలి ఒక్క రోజులో నాశనమైపోయిన పూర్వీకుల నగరం అది. దాని గోపురాలు, వంతెనలు, డ్రాగన్ బొమ్మలు రాతిలో చిన్నవిగా చెక్కించి, ఏది ఎక్కడుండేదో పుస్తకాల్లో వెతికి అమర్చుకునేవాడు. ఆ సీరియల్లో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయిన వస్తువు అదే. డ్రాగన్లు ఊపిరి వదిలితే కోటలు కరిగే కథలో ఒక మెత్తని మనిషి చచ్చిపోయిన ఊరిని వేళ్లతో సరిదిద్దుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి చేతిలోంచి జారి రాతి డ్రాగన్ ఒకటి విరిగింది. ఆలిసెంట్ ఆ ముక్కలు తీసుకెళ్లి, శిల్పుల చేత అతికించి తెచ్చి ఇచ్చింది. ఆమె ఆయన మనసులోకి అడుగుపెట్టింది ఆ విరిగిన బొమ్మతోనే. ఏళ్లు గడిచాయి. రోగం ముదిరి ఆయన మంచం పట్టాక ఆ నగరం మీద సాలెగూళ్లు పట్టాయి.

ఆలిసెంట్‌ను ఆ గదికి పంపింది ఆమె తండ్రి ఆటో హైటవర్. ఆయన రాజుగారి ముఖ్య సచివుడు, 'హ్యాండ్'. తల్లి లేని పిల్లను పిలిచి, మీ అమ్మ గౌన్లలో ఒకటి వేసుకుని వెళ్లి రాజుగారికి ఊరట చెప్పు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ పిల్ల గోళ్ల పక్క చర్మం రక్తం వచ్చేదాకా పీక్కుంటూ వెళ్లింది. ఆమె రెనీరాకు ప్రాణస్నేహితురాలు. మొదటి ఎపిసోడ్‌లో ఎర్ర ఆకుల చెట్టు కింద రెనీరా ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటుంది, ఆమె చరిత్ర పాఠం చదివి వినిపిస్తుంటుంది. చదువుమీద ధ్యాసలేని రాకుమారి చటుక్కున పుస్తకంలో ఒక కాగితం చింపి స్నేహితురాలి చేతిలో పెడుతుంది, నీకు గుర్తుంటుందిలే అన్నట్టు. మార్టిన్ పుస్తకంలో ఈ స్నేహం లేదు. అక్కడ పెళ్లినాటికి ఆలిసెంట్‌కు 18 ఏళ్లు, రెనీరాకు 9. అక్కడ వాళ్లు సవతి తల్లీ, సవతి కూతురూ, అంతే. ఇద్దరినీ ఈడు పిల్లలుగా మార్చడం ఈ నాటకీకరణ చేసిన గొప్ప పని అని నా నమ్మకం. సింహాసనం పోతే పోయేది సింహాసనమే. ఆ చెట్టు కింద పోయింది వేరు.

మన మాటల సంగతి రెనీరాకు చెప్పకు, అర్థం చేసుకోలేదు అని రాజు ఆలిసెంట్‌తో అన్నాడు. ఆమె చెప్పలేదు. కొన్నాళ్లకు పెద్దల ఆలోచన సభలో, కూతురు ఎదురుగా నిలబడి ఉండగా, ఆలిసెంట్‌ను పెళ్లి చేసుకుంటున్నానని ప్రకటించాడు. ముందురోజు కూతురిని పిలిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో! ఆ పిల్ల ముఖం చూడండి ఆ దృశ్యంలో. నాన్న పెళ్లికంటే తనతో రోజూ తిరిగే స్నేహితురాలు ఇంతకాలం మింగిన మౌనమే ఎక్కువగా కోసినట్టుంటుంది.

తర్వాతి పొరపాటు ఇంకా చిత్రమైంది. రెనీరా ఒక రాత్రి బాబాయి డేమన్‌తో మారువేషంలో ఊళ్లోకి వెళ్లింది. పుకారు పుట్టింది. డేమన్ నన్ను ముట్టుకోలేదని చనిపోయిన తల్లి మీద ఒట్టేసింది ఆలిసెంట్ దగ్గర. అది సగం నిజం. ఆ రాత్రి తన అంగరక్షకుడు క్రిస్టన్ కోల్‌తో గడిపిన సంగతి చెప్పలేదు. ఆలిసెంట్ ఆ ఒట్టు నమ్మి, స్నేహితురాలి తరఫున నిలబడింది. పుకారు మోసిన తండ్రి పదవి అందుకే ఊడింది. వెళ్తూ వెళ్తూ ఆయన, రాజు పోయిన రోజున నీ పిల్లల ప్రాణాలకు హామీ ఎవరు అన్న భయాన్ని కూతురి గుండెలో నాటి వెళ్లాడు. అనుమానం తీరక ఆలిసెంట్ కోల్‌ను పిలిచి డేమన్ సంగతి డొంకతిరుగుడుగా అడిగింది. తన సంగతే అడుగుతోందనుకుని అతడు మొత్తం ఒప్పేసుకున్నాడు. ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఒక స్నేహం చచ్చిపోయింది.

ఆ వారమే రెనీరా పెళ్లి విందు. రాజు అతిథులకు స్వాగతం చెబుతున్నాడు. తలుపు తెరుచుకుంది. ఆలిసెంట్ ఒంటరిగా, పచ్చటి గౌనులో నడిచి వచ్చింది. రాజు మాట మధ్యలో ఆగిపోయింది. హైటవర్ల దీపస్తంభం మీద యుద్ధానికి పిలుపునిచ్చే మంట ఆ రంగులోనే ఉంటుందని గుసగుసలు. ఆమె నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆ తర్వాత రాజ్యం పచ్చజట్టు, నల్లజట్టుగా చీలింది.

రాజు ఒళ్లు ఆ ఇంటితో పాటే శిథిలమైంది. ఇనుప సింహాసనం కత్తుల మొనలు గీరిన గాయాలు మానలేదు. ముందు వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యి, తర్వాత కన్ను. ఆ పాత్ర వేసిన ప్యాడీ కాన్సిడైన్ అది ఒక రకం కుష్ఠు అని చెప్పారు. పిల్లలు పెరిగారు. రెనీరా కొడుకులకు తండ్రి వంశపు పోలికలు లేవని అందరికీ కనిపిస్తోంది. తాతకు మాత్రం కనిపించనట్టే ఉండాలి. ఒక రాత్రి పిల్లల గొడవలో రెనీరా కొడుకు లూసెరిస్ కత్తితో కోస్తే ఆలిసెంట్ రెండో కొడుకు ఏమండ్ కన్ను పోయింది. కన్నుకు కన్ను కావాలని తల్లి అడిగింది. కాదనేసరికి రాజు మొలలో కత్తి లాక్కుని తనే దూకింది, అడ్డుకున్న రెనీరా చెయ్యి తెగింది. ఆ కత్తి మీదే మూలపురుషుడి కల చెక్కి ఉంది, నిప్పుకి చూపితేనే కనిపించే అక్షరాల్లో. ఆ సంగతి ఆలిసెంట్‌కు తెలియదు. పుట్టుక గురించి ప్రశ్నించిన నాలుకను కోయిస్తానని రాజు ఆజ్ఞ వేశాడు. కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడానికి మారుగా నాలుకల మీద కత్తి పెట్టాడు. కన్ను పోయిన పిల్లవాడు మాత్రం అమ్మను ఓదార్చాడు. కన్ను పోయినా ఆ రాత్రే తనకు వేగార్ దక్కింది, లోకంలోకెల్లా పెద్ద డ్రాగన్.

ఎనిమిదో ఎపిసోడ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. డ్రిఫ్ట్‌మార్క్ వారసత్వం తగువు సింహాసనం ముందుకు వచ్చింది. రెనీరా మామగారి గద్దె లూసెరిస్‌కు కాకుండా చేసి, ఆ దారినే ఆమె కొడుకులు అక్రమ సంతానమని తేల్చేయాలన్నది ఎత్తు. తీర్పు చెప్పేందుకు తిరిగి పదవిలోకి వచ్చిన ఆటో కూర్చున్నాడు. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. బంగారు ముసుగు ఒక పక్క, కర్ర ఊతం ఒక పక్క, విసేరిస్ వస్తున్నాడు. అంత పొడుగు సభ. ఒక్కో అడుగూ వినపడుతుంది. అంతకుముందు రోజు కూతురు ఆయన మంచం పక్కన ఏడ్చింది, ఈ భారం మొయ్యలేను, నేనే మొయ్యాలనుకుంటే నన్ను కాపాడు నాన్నా అని. నల్లమందు మత్తులో ఉన్న ఆ మనిషి విన్నాడో లేదో అప్పుడు తెలియలేదు. విన్నాడు. ఆ ఇంట్లో ఒకరు చెప్పింది ఇంకొకరు పూర్తిగా విన్నది ఆ ఒక్కసారే కావచ్చు. మెట్ల దగ్గర తూలాడు. కిరీటం జారి కింద పడింది. జీవితమంతా అన్నతో పేచీ పడిన డేమన్ వచ్చి చెయ్యందించాడు, కిరీటం తీసి ఆ బోడితల మీద పెట్టాడు. కిరీటం చిత్రీకరణలో అనుకోకుండా జారిందని, దాన్నే ఉంచుకున్నామని దర్శకురాలు గీతా వసంత్ పటేల్ చెప్పారు. టీవీ విసేరిస్ తాను రాసిన విసేరిస్‌కంటే గొప్పవాడని మార్టినే రాశారు. రాసినవాడు మనసారా ఒప్పుకున్న మాట అది.

ఆ రాత్రి అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ముసుగు తీసి, కన్ను లేని గుంటను, పళ్లు కనిపించే చెంపను వాళ్లకు చూపించాడు. రాజుగా కాదు, తండ్రిగా, తమ్ముడికి అన్నగా, భర్తగా, తాతగా అడుగుతున్నాను, ఈ ముసలివాడి కోసం పగలు వదులుకోండి అన్నాడు. రెనీరా లేచి ఆలిసెంట్‌కు కృతజ్ఞత చెప్పింది. ఆలిసెంట్ కళ్లు తుడుచుకుని, నువ్వు మంచి రాణివి అవుతావంది. పాట మొదలైంది, పిల్లలు నాట్యం చేశారు. నొప్పి ఓర్చుకోలేక ఆయన్ను మోసుకుపోయారు. ఆయన అటు వెళ్లగానే ఇటు మళ్లీ గొడవ. ఏమండ్ గ్లాసు ఎత్తి మేనల్లుళ్ల పుట్టుకను మాటల్లో గుచ్చాడు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా మొదలైన మాట ఒక్క విందుసేపు నిలిచింది. ఆ తర్వాతే మంచం, ఆ చీకటి, ఆ పేరు.

తెల్లారేసరికి ఆలోచన సభ కూర్చుంది. ఆలిసెంట్ భర్త చివరి కోరిక చెప్పింది. తీరా చూస్తే ఆమె తండ్రీ మిగతా పెద్దలూ ఆ పన్నాగం ఎప్పటి నుంచో సిద్ధం చేసి పెట్టుకున్నారు. ఆమెకే చెప్పలేదు. ఆమె నమ్మిన మాట వాళ్లకు అవసరమే లేదు. ఎదురు చెప్పిన ముసలి కోశాధికారి బీస్‌బరీ తల బల్లకు కొట్టుకుని చచ్చిపోయాడు. ఏగాన్‌కు పట్టాభిషేకం అయింది.

మార్టిన్ ఈ కథకు ఆధారం ఇంగ్లండ్ చరిత్రలోనిదేనని చెబుతూ వచ్చారు. హెన్రీ మొదటి రాజు కొడుకు 1120లో 'వైట్ షిప్' ఓడ మునిగి చనిపోయాడు. 1127లో కూతురు మటిల్డాకు ప్రభువుల చేత ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన పోగానే మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టుకున్నాడు. ఆఖరి ఘడియలో రాజు మనసు మార్చుకున్నాడని హ్యూ బిగాడ్ అనే ప్రభువు ఒట్టేసి సాక్ష్యం చెప్పాడు. మంచం దగ్గర విన్నామన్న మాటకు కోటలు తగలబడడం కల్పన కాదు. ఆ అంతర్యుద్ధం 1153 దాకా సాగింది. మటిల్డా తలమీదికి కిరీటం రానేలేదు. 1154లో గద్దె ఎక్కింది ఆమె కొడుకు.

డ్రాగన్‌స్టోన్ కోటలో రెనీరాకు తండ్రి చావు కబురూ, గద్దె పోయిన కబురూ ఒకేసారి అందాయి. నెలలు నిండని బిడ్డ చచ్చి పుట్టింది. లొంగిపొమ్మని రాయబారం వచ్చిన ఆటో, కూతురు పంపిందంటూ ఒక మడత పెట్టిన కాగితం ఇచ్చాడు. చెట్టు కింద చింపిన ఆ చరిత్ర పుస్తకం కాగితమే. ఆలిసెంట్ దాన్ని ఇన్నేళ్లు దాచుకుంది. రెనీరా దాన్ని చూస్తూ నిలబడిపోయింది, చేతిలో సైన్యం, డ్రాగన్లు ఉండి కూడా యుద్ధానికి తొందరపడలేదు. అంతదాకా ఏమీ చెయ్యిదాటలేదు.

తర్వాత కొడుకులను దూతలుగా పంపింది. లూసెరిస్ స్టార్మ్స్ ఎండ్ చేరాడు. అక్కడి బోరోస్ బరాతియన్‌కు చదువు రాదు, లేఖ చదవడానికి పండితుణ్ని పిలిపించాడు. తండ్రి చేసిన ప్రమాణాన్ని గుర్తు చెయ్యడమే గాని తనకేమిస్తారో అందులో లేదని మండిపడ్డాడు. తిరుగు ప్రయాణంలో తుఫాను. వెనక నుంచి మేనమామ ఏమండ్ వేగార్ మీద తరిమాడు, పోయిన కన్నుకు భయపెట్టి బదులు తీర్చుకోవాలని. పిల్లవాడి చిన్న డ్రాగన్ ఆరాక్స్ బెదిరి, వద్దంటున్నా వేగార్ మీదికి మంట వదిలింది. వేగార్ రెచ్చిపోయింది. వద్దు, వద్దు అని ఏమండ్ అరిచాడు. అది వినలేదు. మబ్బుల మీద మేనల్లుడూ డ్రాగనూ ముక్కలైపోయారు. పుస్తకంలో అది కావాలని చేసిన హత్య. ఇక్కడ ఏమండ్ ముఖంలో ఉన్నది చేతులారా చేసుకున్న తప్పును చూస్తున్న కుర్రవాడి భయం. మనుషుల మాటే మనుషులు విననప్పుడు మృగం వింటుందా?

2024లో వచ్చిన రెండో భాగం మొదటి ఎపిసోడ్‌లో రెనీరా పలికేది ఒక్క వాక్యం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన రెక్కనూ, బిడ్డ బట్టనూ చూసి వచ్చాక, నాకు ఏమండ్ కావాలి అంటుంది, అంతే. ఎలాగ, ఎంతవరకు అన్నది చెప్పదు. డేమన్ ఇద్దరు కిరాయి మనుషులను మాట్లాడాడు. ఏమండ్ దొరక్కపోతే అని వాళ్లలో ఒకడు అడిగాడు. దృశ్యం అక్కడే తెగిపోతుంది. డేమన్ ఏమన్నాడో మనకు వినిపించరు. వాళ్లు చీకట్లో కోట వెతికి, ఏమండ్ దొరక్క, ఏగాన్ భార్య హెలేనా గదిలోకి చొరబడ్డారు. ఇద్దరు కవలల్లో మగపిల్లవాడు ఎవరని అడిగారు. ఆమె చూపించింది. పసివాడు జేహేరిస్ ప్రాణం పోయింది. హెలేనా ఆ ఇంట్లో అందరికంటే ముందే అన్నీ చూసిన పిల్ల. కలల్లో కనిపించింది పొడుపుకథల్లా గొణుక్కునేది, ఎవరూ ఆగి అడిగిన పాపాన పోలేదు. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ మనసు మెలిపెట్టినట్టవుతుంది.

అక్కణ్నుంచి నెత్తురు ఊళ్లలోకి పారింది. మూడో ఎపిసోడ్‌లో బ్రాకెన్, బ్లాక్‌వుడ్ వంశాల కుర్రాళ్లు పొలం గట్టు రాళ్ల దగ్గర తిట్టుకుంటుంటారు. ఒకడు కత్తి దూస్తాడు. మరుక్షణం కెమెరా ముందు కనుచూపు మేర శవాలు. మధ్యలో యుద్ధం చూపించలేదు.

ఆ ఎపిసోడ్‌లోనే రెనీరా సన్యాసినిలా ముసుగేసుకుని శత్రువుల నగరంలో గుడికి వచ్చింది, ప్రార్థనలో ఉన్న ఆలిసెంట్ పక్కన మోకరిల్లింది. మా నాన్న చివరికి ఏమన్నాడో చెప్పు అంది. ఏగాన్ అన్నాడని ఆలిసెంట్ చెబుతుంటే రెనీరా ముఖం మారింది. ఆయన చెప్పింది మీ అబ్బాయి గురించి కాదు, మా ముత్తాతల నాటి ఏగాన్ గురించి అంది. ఆలిసెంట్‌కు అర్థమైంది. ఒలివియా కుక్ ఆ క్షణంలో ఏమీ అనకుండా కళ్లతో మొత్తం చెప్పింది. చేసిన పాపం ఎంతదో తెలిసింది, వెనక్కి తీసుకునే దారి లేదనీ తెలిసింది. ఇప్పుడు ఆలస్యమైపోయింది అని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత రూక్స్ రెస్ట్ దగ్గర జరిగిన పోరులో రేనిస్ చనిపోయింది, ఏగాన్ ఒళ్లంతా కాలి మాంసపు ముద్దయ్యాడు.

రెండో భాగం చివరి ఎపిసోడ్‌లో ఈసారి ఆలిసెంటే శత్రువు కోటకు వచ్చింది. మొదటిసారి ఇద్దరూ ఏదీ దాచుకోకుండా మాట్లాడుకున్నారు. నగరం తలుపులు తెరిపిస్తాను, నన్నూ నా కూతురు హెలేనానూ మనవరాలినీ ఎటైనా పోనివ్వు అంది. ఏగాన్ తల కావాలి అంది రెనీరా, కొడుక్కి కొడుకు. ఆలిసెంట్ చాలాసేపటికి తలూపింది. అప్పటికే ఏగాన్‌ను ఇంకొకడు బండిలో పడుకోబెట్టి నగరం దాటించాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

అక్కణ్నుంచి ఏమవుతుందో పుస్తకంలో ఉంది. రెనీరా నగరాన్ని పట్టుకుంటుంది, నిలబెట్టుకోలేకపోతుంది. 130లో డ్రాగన్‌స్టోన్ కోటలో ఆమెను సవతి తమ్ముడు ఏగాన్ తన డ్రాగన్‌కు మేతగా వేస్తాడు, ఆమె కొడుకు చూస్తుండగా. ఆ పిల్లవాడి పేరూ ఏగానే. మరుసటేడు విషం తాగి రెండో ఏగాన్ పోయాక ఆ పిల్లవాడే మూడో ఏగాన్‌గా రాజయ్యాడు. విసేరిస్ ఆఖరి మాట అలా నెరవేరింది. ఆ రాజు జీవితాంతం డ్రాగన్ పేరెత్తితే ముడుచుకుపోయేవాడు. ఆలిసెంట్ గదిలో బందీగా బతికింది, చివరికి పచ్చరంగు చూస్తేనే ఓర్వలేకపోయేది. 153లో ఆఖరి డ్రాగన్ చనిపోయింది. ఆకుపచ్చది, ఎదగనిది, రెక్కలు చచ్చుపడినది.

పుర్రెలు కోట అడుగునే ఉండిపోయాయి. 2011లో వచ్చిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదటి భాగంలో ఆర్యా స్టార్క్ అనే చిన్నపిల్ల పిల్లిని తరుముతూ ఆ చీకట్లోకి దిగుతుంది. డ్రాగన్ పుర్రె చాటున నక్కి ఉండగా ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ పోతారు. కొన్ని మాటలు చెవిన పడతాయి, కొన్ని పడవు. పిల్ల పరుగెత్తి తండ్రి దగ్గరికి వెళ్లి, విన్నంతవరకు గుర్తున్నట్టు చెబుతుంది. తండ్రికి అర్థం కాదు.